టీచరమ్మ అడిగే నీళ్ళు

ఏ ఇంటికి పోయినా పంకజవల్లి టీచరు ముందుగా నీళ్ళడుగుతుంది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, గొడుగు గోడకు ఆనించి, "కాసిన్ని నీళ్ళిస్తారా అమ్మా" అంటుంది. గ్లాసు చేతికి వచ్చాక కూర్చుంటుంది. అంచుకు పెదవి ఆనించి, తొందర లేకుండా, అడుగుదాకా తాగుతుంది. ఖాళీ గ్లాసు ఎవరిచ్చారో వాళ్ళ చేతికే తిరిగి ఇస్తుంది. ఆ తర్వాతే పిల్లల మాట ఎత్తుతుంది.

ఆమె పుట్టిన ఇంట్లో ఎవరూ అలా తాగరు. తిరుపతి పాత ఊళ్ళో, గుడి వెనక వీధిలో, స్వామి కైంకర్యం చేసుకునే వైష్ణవుల ఇల్లు అది. అక్కడ గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా గొంతులోకి పోసుకుంటారు. పెదవి తగిలితే ఎంగిలి. ఎంగిలి చేసిన గ్లాసును ఎవరిది వాళ్ళే కడిగి బోర్లించాలి. ఇంకొకరి చేత కడిగించడం మర్యాద కాదు.

ఈ సంగతులన్నీ గౌసియా బీకి తెలుసు. తెలియడానికి ముందు ఒక గొడవ జరగాల్సి వచ్చింది.

గౌసియా బీది రేకుపెట్టెల వీధి. పెళ్ళికూతుళ్ళకు పెట్టెలు చేసిన వీధి ఒకప్పుడు. ఇప్పుడు అక్కడ ఎక్కువగా గుడి హుండీ డబ్బాల వంటివి, బియ్యం డ్రమ్ములు చేస్తారు. పొద్దస్తమానం సుత్తి చప్పుడు. ఆ వీధికీ గుడి వెనక వీధికీ మధ్యన మునిసిపల్ బడి. ముందు గేటు రేకుపెట్టెల వీధిలోకి, వెనక గేటు గుడి వెనక వీధిలోకి. కట్టినవాళ్ళు రెండు వీధుల పిల్లలూ వస్తారనే రెండు గేట్లు పెట్టి ఉంటారు. వెనక గేటుకు తాళం పడి చాలా ఏళ్ళయింది. ఆ వైపు నుంచి వచ్చే ఆఖరి పిల్లవాడు కూడా మానేశాక ఎవరో వేశారు. ఎవరూ తీయలేదు.

పొద్దున వీధి మొదట్లో వ్యాన్లు ఆగుతాయి. గుడి వెనక వీధి పిల్లలను బైపాసు దగ్గరి పెద్ద బడి వ్యాను తీసుకుపోతుంది. రేకుపెట్టెల వీధిలో చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్ళ పిల్లలు ఇంకో వ్యాను ఎక్కుతారు. ఆ రెండు వీధులకు అవతలి కాలనీ పిల్లలది మరో దారి. ఒకే గుడి గంట వినే పిల్లలకు ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఏ వ్యానూ ఎక్కలేని వాళ్ళు మునిసిపల్ బడికి వస్తారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. మగపిల్లల్ని వ్యాను ఎక్కించి, ఆడపిల్లలకు దగ్గరి బడి చాలుననుకున్న ఇళ్ళు కొన్ని ఉన్నాయి.

గొడవ జరిగింది గౌసియా బీ పెద్ద కూతురి చిన్నప్పుడు. కొత్తగా వచ్చిన టీచరు ఇంటికి వచ్చింది. నామం చూసి గౌసియా బీ ఆశ్చర్యపోయింది. నీళ్ళడిగితే ఇంకా ఆశ్చర్యపోయింది. మంచి గ్లాసు తీసి ఇచ్చింది. టీచరు పెదవి ఆనించి తాగింది. గౌసియా బీ గుండె కరిగింది. అంతలో టీచరు లేచి, కుళాయి దగ్గరికి పోయి, ఆ గ్లాసును బూడిదతో తోమి, కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చి కూర్చుంది. ఇంటికి వచ్చిన మనిషి గ్లాసు కడగడమంటే, ఆ ఇంట్లో ఆడదిక్కు లేదని మొహం మీద చెప్పడం. అది ఒకటి. తాగిన తర్వాత మా ఇంటి అంటును కడిగేసుకుందనేది రెండోది. రెండూ కలిసి గౌసియా బీకి ఒళ్ళు మండింది. కూతుర్ని బడికి పంపలేదు.

అంతటితో ఊరుకునే మనిషి కాదు. కొన్నాళ్ళకు బురఖా వేసుకుని బడికి పోయింది. టీచరు బల్ల ముందు నిలబడి, "కాసిన్ని నీళ్ళిప్పిస్తారా" అంది. తాగింది. లేచి కుళాయి దగ్గరికి పోయి, గ్లాసు తోమి, కడిగి, శబ్దం అయ్యేలా బోర్లించింది. వెనక్కి తిరిగి చూస్తే టీచరు ముఖం వెలిగిపోతూ ఉంది.

"ఎంత పద్ధతమ్మా మీది. మా అమ్మ సూసుంటే మిమ్మల్ని ఇంట్లో పెట్టుకొనుండు."

గౌసియా బీ తడి చేతులు బురఖాకు తుడుచుకుంది. తిట్టడానికి వస్తే మెచ్చుకున్నారు. చివరికి కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. పంకజవల్లి విన్నది. వినేకొద్దీ ముఖం పాలిపోయింది. "మా ఇంట్లో ఎంగిలి గ్లాసు ఒకరికి వదిలిపెట్టేది తప్పు. ఆ అలవాటుతో కడిగినాను. మీకిట్ల తోస్తుందని నాకు తెలవదు" అంది. ఇద్దరూ కాసేపు కుళాయి వైపు చూశారు. ముందు నవ్వింది ఎవరో ఇద్దరికీ గుర్తు లేదు.

ఆనాటి నుంచి టీచరు గ్లాసు కడగదు. ఇచ్చిన చేతికే ఇస్తుంది.

ఆమె తన కొడుకు నారాయణ్‌ను కూడా ఆ బడిలోనే వేసింది. గుడి వెనక వీధి నోళ్ళు నొక్కుకుంది. సొంత అక్కే రాకపోకలు తగ్గించింది. టీచరు ఎవరికీ జవాబు చెప్పలేదు. పొద్దున కొడుకు చెయ్యి పట్టుకుని, వెనక గేటు తాళం పడి ఉంది కాబట్టి, చుట్టూ తిరిగి రేకుపెట్టెల వీధిలోంచి నడిచి వచ్చేది. సుత్తి పట్టుకున్న మగవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. నారాయణ్ ఇప్పుడు ఏర్పేడు దగ్గర పెద్ద చదువుల సంస్థలో ల్యాబు పని చేస్తాడు. గౌసియా బీ పెద్ద కూతురు ఊళ్ళోనే ఆసుపత్రిలో నర్సు. ఎనిమిదో తరగతి ఇక్కడ గట్టెక్కితే ఆడపిల్ల ఇక ఆగదని టీచరు అనేది. అప్పటికి రోడ్డు దాటే ధైర్యం, అమ్మానాన్నలను అడిగే నోరు, రెండూ వస్తాయట.

ఈ వేసవిలో విద్యాశాఖ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతుల్లో పిల్లలు పలచబడ్డారు. బడి తెరిచే రోజు మనిషి వచ్చి చూస్తాడు. చాలినంతమంది లేకపోతే ఆ మూడు తరగతులనూ రైలుకట్టకు అవతలి హైస్కూల్లో కలిపేస్తారు.

గౌసియా బీ చిన్న కూతురు నాజియా ఏడో తరగతికి వచ్చింది. తండ్రి ఫకృద్దీన్ రేకు కత్తిరిస్తూనే తీర్పు చెప్పేశాడు.

"తరగతి ఈడుంటే సదవనీ. కట్ట అవతలికి పంపేది లేదు."

"పెద్దది పోలేదా?" అంది గౌసియా బీ.

"పెద్దదాంతో మన వీధి పిల్లోళ్ళు గుంపుగా పోయిరి. ఇప్పుడెవురుండారు? ఆ లారీల మజ్జన ఇదొక్కతే పోవల్ల. రేకు తెగితే అతుకు పెడతా గౌసియా. పిల్లకేమైనా అయితే దేనితో అతకేది?"

నాజియా గుమ్మం దగ్గర నిలబడి వింటూ ఉంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది తప్ప తినలేదు.

టీచరు ఎండల్లో ఇల్లిల్లూ తిరిగింది. రేకుపెట్టెల వీధిలో, కాలనీలో, నీళ్ళడిగి, తాగి, పిల్లల మాట చెప్పింది. కొంతమంది ఒప్పుకున్నారు. ఇంకా కొద్దిమంది కావాలి. ఆ కొద్దిమంది గుడి వెనక వీధిలో ఉన్నారని ఆమెకు తెలుసు. అక్కడ సారంగపాణి అనే పెద్దాయన ఉన్నాడు. గుడిలో ముప్పొద్దులా ప్రసాదం పంచే సేవ చేసి విరమించుకున్నాడు. పంకజవల్లికి దూరపు పెదనాయన అవుతాడు. ఆయన ఇంట్లో ఏది జరిగితే ఆ వీధిలో మరి రెండు మూడు ఇళ్ళలో అది జరుగుతుంది.

ఆయన మనుమరాలు హంసిని బైపాసు దగ్గరి బడిలో ఆరో తరగతి చదివింది. అక్కడ వారం వారం పరీక్ష. మార్కులను బట్టి సెక్షన్ మారుస్తారు. పిల్ల ఒక్కో మెట్టే దిగి ఆఖరి సెక్షన్‌కు చేరింది. ఎవరి పక్కన కూర్చున్నా, వారం తిరిగేసరికి వాళ్ళు పైకి పోయేవాళ్ళు. ఇంట్లో నవ్వడం మానేసింది. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళు పుండ్లయ్యాయి. ఈ మాట తల్లి రంగప్రియ పూలంగడి దగ్గర కలిసినప్పుడు టీచరుతో చెప్పి, కళ్ళు తుడుచుకుని, "మామగారికి చెప్పబాకండి" అంది.

బడి తెరవడానికి ముందు రోజు, గౌసియా బీ ఇంట్లో నీళ్ళు తాగి, గుడి వెనక వీధికి బయలుదేరుతూ టీచరు గొడుగు తీసుకుంది. గౌసియా బీ చెప్పులేసుకుంది.

"మీరెందుకు?" అంది టీచరు. ఆ వీధికి ఆమె ఎప్పుడూ ఒక్కతే పోతుంది.

"నా బిడ్డ సదువు ఆడుండాది టీచరమ్మా. మా వీధికి మీరు రాలేదా?"

టీచరు గొడుగు ఇద్దరికీ వచ్చేలా పట్టుకుని, దారిలో హంసిని సంగతి చెప్పింది.

సారంగపాణి అరుగు మీద విసనకర్రతో కూర్చుని ఉన్నాడు. టీచరును చూసి, వెనక బురఖాను చూసి, విసరడం ఆపాడు. "రా అమ్మణ్ణీ. కూర్చోండమ్మా మీరు కూడా" అన్నాడు.

టీచరు చెప్పులు విడిచింది. "కాసిన్ని నీళ్ళిప్పిస్తారా పెదనాయనా."

రంగప్రియ లోపలి నుంచి రెండు తెచ్చింది. టీచరుకు ఇత్తడి గ్లాసు. గౌసియా బీకి మూత తీయని నీళ్ళ సీసా, ఫ్రిజ్‌లోది, చల్లగా చెమ్మ పట్టింది. అవమానించాలని కాదు. మర్యాద చేయాలనే ఎవరినో పంపి అంగట్లోంచి తెప్పించి పెట్టుకుంటారు, ఇట్లా వచ్చేవాళ్ళ కోసం.

టీచరు అంచుకు పెదవి ఆనించి తాగింది. పెద్దాయన చూపు తిప్పుకున్నాడు.

"ఎత్తి తాగేది మర్చిపోయినావా అమ్మణ్ణీ? మీ అమ్మ ఎంత మడి మనిషి."

"మర్చిపోలేదు పెదనాయనా. ఒక్కో ఇంట్లో ఒక్కో మాదిరి తాగితే పిల్లోళ్ళు నన్ను నమ్మరు. వాళ్ళు అన్నీ సూస్తారు."

"ఇది నా ఇల్లు కదా."

"అవును. అందుకే మీ ఇంట్లో దొంగతనంగా తాగలేను."

ఆయన విసనకర్ర మళ్ళీ అందుకున్నాడు. గౌసియా బీ సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెమ్మ బురఖాకు అంటుతోంది. కాసేపటికి దాన్ని అరుగు మీద పక్కన పెట్టింది.

"సామీ, ఇది కొన్న నీళ్ళు. మా వీధిలో కూడా దొరుకుతాయి. మీ ఇంటి నీళ్ళు ఇప్పిస్తారా?"

వీధిలో ఎవరో స్కూటరు ఆపి మళ్ళీ స్టార్ట్ చేశారు. రంగప్రియ మామగారి వైపు చూసింది. ఆయన వద్దనలేదు. ఆమె లోపలికి పోయి ఇంకో ఇత్తడి గ్లాసు తెచ్చింది.

గౌసియా బీ గ్లాసు తీసుకుంది. ఆమె ఇంట్లో నీళ్ళు కూర్చుని, మూడు గుక్కలుగా, పెదవి ఆనించి తాగుతారు. కానీ ఇది ఈ ఇంటి గ్లాసు. టీచరు చెప్పిందేదీ ఆమె మర్చిపోలేదు. తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, పోసుకుంది. సగం నీళ్ళు ముక్కులోకి పోయాయి. మిగిలిన సగం మెడ మీదుగా కారాయి. దగ్గు ఆగలేదు.

"మెల్లగా అమ్మా, మెల్లగా" అని సారంగపాణి లేచి నిలబడ్డాడు. "గుటక వెయ్యగూడదు. గొంతు తెరిచి పెట్టి పొయ్యల్ల. దారగా."

తలుపు వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేని నవ్వు. హంసిని బయటికి వచ్చింది. "నాకు కూడా మొదట్లో రాలేదు. తాత నా జడ పట్టుకోని నేర్పిచ్చినాడు. ఇట్ల సూడండి" అని, సీసా మూత తీసి, తల వాల్చి, చుక్క కింద పడకుండా పోసుకుంది.

"అబ్బా, నాకు ఈ జన్మకు రాదు బిడ్డా" అంది గౌసియా బీ దగ్గుతూనే. "మా నాజియా అయితే నేర్చుకుంటాది. అది కోతి."

"నాజియా ఎవరు?"

"నా కూతురు. నీ ఈడుదే. నీ తరగతే."

రంగప్రియ కూతురినే చూస్తూ నిలబడిపోయింది. ఆ నవ్వు ఆ ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో ఆమె ఒక్కదానికే తెలుసు.

గౌసియా బీ తడిసిన చేత్తో గ్లాసు పట్టుకుని లేచింది. "కుళాయి యాడుండాది అమ్మా? కడిగి బోర్లిస్తా. ఈడ అదే కదా పద్ధతి."

"ఇటివ్వండి" అంది రంగప్రియ. చెయ్యి చాచి, ఆమె చేతిలోంచే గ్లాసు తీసుకుంది.

సారంగపాణి కూర్చున్నాడు. టీచరు అప్పుడు ఆఫీసు కబురు చెప్పి, హంసినిని తన బడికి పంపమని అడిగింది. అంతా విని ఆయన అడిగిన ప్రశ్న టీచరును కాదు, గౌసియా బీని.

"ఆ బడిలో మా పిల్ల ఎవరి పక్కన కూర్చుంటుందమ్మా?"

"నా కూతురి పక్కన సామీ. అది ఒక్కచోట నిలకడగా కూసోదు. వాగుతానే ఉంటాది. కానీ వారానికొకసారి పక్క మనిషిని మార్చేది దానికి తెలవదు."

ఆయనకు మాట తగిలింది. కోడలి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. దాచిపెట్టిన సంగతి ఇక దాగలేదు.

"నలుగురూ నన్నడుగుతారు" అన్నాడు చివరికి. "ఫీజు కట్టలేక మానిపిచ్చినారా అంటారు. నా కొడుక్కి తలవంపులు."

"అడగనీ పెదనాయనా. నన్ను అడగలేదా? ఇప్పుడు అడిగినోళ్ళే నారాయణ్‌ను వాళ్ళ పిల్లలకు లెక్కలు చెప్పమని పిలుస్తుండారు."

ఆయన ముఖం మీద నవ్వు లాంటిది వచ్చి పోయింది. "నేను ఆ బడిలోనే సదివినా. వెనక గేటుకు ఒక ఇనప చువ్వ వంగి ఉండేది. గంట కొట్టేసినాక ఆ సందులోంచి దూరేవాళ్ళం. ఆ గేటు ఉండాదా?"

"ఉండాది. తాళం తుప్పు పట్టింది."

"సూద్దాం" అన్నాడు. ఇద్దరూ లేస్తే తానూ లేచి, అరుగు దిగి, వీధిలోకి రెండడుగులు వచ్చాడు.

దారిలో గౌసియా బీ అంది: "మా ఆయన కూడా సూద్దాం అంటాడు. అంటే లేదని."

"మా వాళ్ళు లేదనాలంటే అరుగు మీద నుంచే అంటారు. ఆయన దిగినాడు."

"ఆ గేటు తెరుస్తారా?"

"తెరవాల."

గౌసియా బీ తడిసిన బురఖా అంచు పిండుకుంది. "తెరిస్తే వాళ్ళు మా వీధి తొక్కకుండానే వస్తారు, పోతారు" అంది.

టీచరు గొడుగు ఇంకో చేతికి మార్చుకుంది. "ముందు రానీ గౌసియా. లోపల ఒకే మైదానం కదా. సాయంత్రం ఆటలో ఎవరు ఏ గేటు నుంచి ఉరుకుతారో మన చేతిలో ఉండదు."

ఇంట్లో ఫకృద్దీన్ తడిసిన బురఖా చూశాడు. సంగతంతా విన్నాడు.

"పిల్లోళ్ళను తేవడానికి పోయినారా, నీళ్ళు తాగడానికి పోయినారా?"

"రెండిటికీ."

"తాగడం కూడా సరిగా రాలేదంటివి." అతను సుత్తి కింద పెట్టాడు. నాజియా వైపు చూడకుండా అన్నాడు: "రేప్పొద్దున దాన్ని తలకు నూనె పెట్టి తయారు చెయ్యి. తరగతి ఉంటే ఉంటుంది."

మర్నాడు పొద్దున గౌసియా బీ నాజియాను తీసుకుని అందరికంటే ముందు బడికి వచ్చింది. టీచరు అంతకుముందే వచ్చి ఉంది. వెనక గేటు దగ్గర చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, దీపం కుందిలో పోసే నూనె సీసాతో తాళంలోకి చుక్కలు వదులుతోంది. తాళంచెవి తిరగలేదు. మళ్ళీ నూనె పోసింది. మళ్ళీ తిప్పింది. వేళ్ళు తుప్పుతో ఎర్రబడ్డాయి. ఎంతకో లోపల ఏదో కదిలి, కొక్కెం ఊడింది. గేటు సగం వరకు వచ్చి మట్టిలో దిగబడింది. నాజియా, గౌసియా బీ చెయ్యి వేసి లాగారు.

టీచరు చేతులు కడుక్కుని, స్టూలు తెచ్చి గేటు పక్కన వేసుకుని కూర్చుంది. ముందు గేటు నుంచి రేకుపెట్టెల వీధి పిల్లలు, కాలనీ పిల్లలు వస్తున్నారు. ఆఫీసు మనిషి మోటార్ సైకిల్ చప్పుడు వినబడింది. టీచరు అటు తిరగలేదు.

గుడి వెనక వీధిలో పసుపురంగు వ్యాను ఆగింది. కొందరు ఎక్కారు. వ్యాను పోయింది. అది పోయిన తర్వాత, ఖాళీ అయిన వీధిలో, సారంగపాణి మనుమరాలి చెయ్యి పట్టుకుని నడుస్తూ కనిపించాడు. వెనకే ఎదురింటి తల్లి ఇద్దరు పిల్లలతో. ఇంకొంచెం వెనక, రావాలా వద్దా అన్నట్టు, మరో ఇంటి పిల్లవాడూ వాళ్ళ నాయనా.

పెద్దాయన గేటు దగ్గర ఆగి వంగిన చువ్వను తడిమాడు. లోపలికి రాలేదు. మనుమరాలి చెయ్యి మాత్రం వదిలాడు.

హంసిని గేటు దాటింది. భుజాన కొత్త నీళ్ళ సీసా. నాజియా ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఎత్తి తాగేది నాకు నేర్పిస్తావంట కదా" అంది.

టీచరు స్టూలు మీద నుంచి లేవలేదు. చెయ్యి చాచింది.

"కాసిన్ని నీళ్ళిస్తావా అమ్మా?"

హంసిని తాత వైపు చూసింది. తర్వాత సీసా మూత తిప్పి ఇచ్చింది. పంకజవల్లి అంచుకు పెదవి ఆనించి, తొందర లేకుండా తాగింది. సీసా పిల్ల చేతికే తిరిగి ఇచ్చింది. అప్పుడు లేచి, గంట కొట్టడానికి పోయింది.